రంగంలో నేల ఊగినప్పుడు ఉయ్యాల్లో ఉన్న మా నాన్నమ్మకి ఇప్పుడెన్నేళ్లు?

పలాస_మనవడు · 3 మార్చి 2024, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

మా నాన్నమ్మ వయసు తేల్చాలి. ఆధార్‌లో 01-01-1935 అని ఉంది. మా ఇంట్లో నలుగురు పెద్దవాళ్లు జనవరి ఒకటినే పుట్టారు, మీ ఇళ్లలోనూ ఇదే కథ అయ్యుంటుంది. 2011లో ఆధార్ తీసినప్పుడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు ఆవిడ మొహం ఒకసారి ఎగాదిగా చూసి "డెబ్బై ఆరు వేసేద్దామా?" అన్నాడు. మా నాన్న తలూపాడు. అంతే, పుట్టేసింది.

తాతయ్య రైల్వేలో గ్యాంగ్‌మేన్. 1980లో రిటైరై 1991లో పోయారు. నాన్నమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. 90 నిండితే పెన్షన్ పెరుగుతుందట. ఆధార్ లెక్కన ఆవిడకింకా 89. మా లెక్కన తొంభై ఎప్పుడో దాటేసింది. ఆఫీసుకెళ్తే "కాగితం తెండి" అన్నారు. పుట్టింది రంగూన్‌లో. కాగితం ఎక్కణ్ణుంచి తేను?

ఆవిణ్ణి అడిగితే చెప్పింది ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను:

"నానేటి సెప్పేదిరా, పుట్టినప్పుడు నాను సూసుకున్నానేటి? రంగంలో నేల ఊగినప్పుడు నాను ఉయ్యాల్లో ఉన్నానంట. ఉయ్యాల ఎవులూ ఊపకుండానే ఊగిపోతంటే మాయమ్మ బెదిరిపోయి నన్ను ఎత్తుకుని బయటికి పారొచ్చీసిందంట. రంగంలో బాంబులు పడ్డప్పటికి నాను పెద్దమనిసిని అవ్వనేదు. సుక్కల పుట్టినానని అమ్మ సెప్పీది."

చుక్కల్లో పుట్టడమేంటో నాకు అర్థం కాలేదు. రాత్రిపూట పుట్టిందని కాబోలు.

డల్లాస్_దోసె · 3 మార్చి, రాత్రి 10.15

బ్రో, రంగం అంటే? నాటకాల కంపెనీలో పుట్టారా?

కంచరపాలెం_కుర్రాడు · 3 మార్చి, రాత్రి 11.02

రంగం అంటే రంగూన్. ఉత్తరాంధ్రలో ఏ ముసలమ్మని అడిగినా రంగూన్ అనదు, రంగమే అంటుంది. "రంగం ఎల్లిపోనాడు" అంటే మనిషి ఇక దక్కుతాడో లేదో అన్నట్టు.

కళింగపట్నం, బారువ, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లో స్టీమరెక్కి డెక్కు మీదే పడుకుని వెళ్లేవాళ్లు. మేస్త్రీ ముందు కొంత డబ్బు చేతిలో పెట్టేవాడు, ఆ బాకీ తీరేదాకా రేవులోనో బియ్యం మిల్లులోనో రిక్షా లాగుతూనో ఉండాల్సిందే. కోరంగి రేవు పేరు మీద అక్కడ మనవాళ్లని కోరంగీలు అనేవాళ్లు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో మన దేశం వాళ్లు పది లక్షలు దాటారు. రంగూన్ ఊళ్లో అయితే సగం మందికి పైగా మనవాళ్లే.

మా ఇల్లు వైజాగ్‌లో బర్మా క్యాంప్ పక్కనే, అందుకే ఈ సంగతులు కొంచెం తెలుసు. నేల ఊగిందంటే 1930 మే 5, పెగూ భూకంపం. పెగూ ఊరు కుప్పకూలింది, రంగూన్‌లోనూ ఇళ్లు పడ్డాయి. అప్పటికి ఉయ్యాల్లో ఉన్నారంటే 1929లోనో 30 మొదట్లోనో పుట్టి ఉండాలి.

రిటైర్డ్_గుమస్తా · 4 మార్చి, ఉదయం 6.20

బాబూ, ముందు పెన్షన్ సంగతి. కేంద్ర ప్రభుత్వ పెన్షన్‌కి 80 నిండితే 20 శాతం, 85కి 30, 90కి 40, 95కి 50, నూరు నిండితే నూటికి నూరు అదనం. కుటుంబ పెన్షన్‌కీ ఇంతే. కాబట్టి అయిదేళ్ల తేడా అంటే చిన్న సంగతి కాదు.

ఆఫీసు వాళ్లని మాత్రం తిట్టుకోకండి. నేనూ అలాంటి కుర్చీలో 34 ఏళ్లు కూర్చున్నాను. భూకంపాన్ని ఫైల్లో పెట్టడానికి కాలమ్ ఉండదు. తాతగారి పాత కాగితాలు ఏమేమున్నాయి? పి.పి.ఓ. (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) కాపీ చూడండి, భార్య పుట్టినతేదీ గడి ఖాళీగా ఉందా, అంకె ఏదైనా ఉందా? పాసులకోసం ఇచ్చిన డిక్లరేషన్లు, నామినేషన్లు, ఏ పసుపుపచ్చ కాగితం కనబడినా పారెయ్యకండి. పాతరోజుల్లో రైల్వేవాడు ఇంట్లో కోడిపిల్లతో సహా వయసు రాసివ్వాల్సి వచ్చేది.

సందేహాల_సంచి · 4 మార్చి, ఉదయం 8.47

అంత తొందరగా 1929 అని తేల్చేయకండి. 1930 డిసెంబర్లో ప్యూ దగ్గర ఇంకో భూకంపం వచ్చింది. ఆవిడ చెప్పేది అదే ఎందుకు కాకూడదు? అప్పుడు 1930 నడుమ పుట్టినా ఉయ్యాల్లోనే ఉంటారు. పైగా ఇది ఆవిడ జ్ఞాపకం కానే కాదు, వాళ్లమ్మ చెప్పగా విన్నది. వాళ్లమ్మ ఏ పిల్ల ఉయ్యాల గురించి చెప్పిందో! మా ఇంట్లో ఒకే పాము కథని ముగ్గురు అన్నదమ్ములు ఎవరికి వాళ్లు తమదే అని చెప్పుకుంటారు.

ముసలివాళ్ల మాటలన్నీ చరిత్ర కాదండీ.

తెనాలి_కాఫీ · 4 మార్చి, ఉదయం 9.30

సంచి గారూ, పొద్దున్నే పళ్లు తోముకున్నారా అసలు?

మా తాత పుట్టినరోజు కూడా ఎవడికీ తెలీదు. ఆయనకి ఉన్న గీత ఒక్కటే: 1942 ఆగస్టు 12, తెనాలి స్టేషన్ దగ్గర కాల్పులు. ఏడుగురు పోయారు, ఇప్పటికీ రణరంగ చౌక్‌లో స్తూపాలున్నాయి. ఏదడిగినా "కాల్పులకి ముందా, తరవాతా?" అనేవాడు. మా పెదనాన్న కాల్పులకి ముందు, మా నాన్న తరవాత. గేదె కొన్నది కూడా తరవాతే. ఇంతకీ ఆ రోజు ఆయన చేసిన పనేంటయ్యా అంటే, జనం పరిగెడుతుంటే చెప్పులొదిలేసి తనూ పరిగెత్తడం. చెప్పులు పోయిన బాధ చచ్చేదాకా పోలేదు.

నిర్వాహకుడు · 4 మార్చి, ఉదయం 9.41

పళ్ల సంగతులు వద్దు. చర్చ చర్చలా సాగనివ్వండి.

పలాస_మనవడు · 4 మార్చి, రాత్రి 8.55

సంచి గారి ప్రశ్న న్యాయంగానే ఉంది, అందుకని నాన్నమ్మనే అడిగాను. నేల ఊగినాక ఇంకేం జరిగిందని వాళ్లమ్మ చెప్పిందంటే:

"నేల ఊగిన నెల తిరక్కముందే రేవులో కొట్లాట. మనోళ్లని కత్తులట్టుకుని తరిమీసినారంట. మాయ్య మూడు రోజులు ఇంటికి రానేదు. అమ్మ నన్ను సంకనేసుకుని ఏడుస్తా కూకుంది. వొచ్చినాడు గానీ, ఎడం సెవి సగం నేదు."

ఈ చెవి సంగతి నేను మొదటిసారి విన్నాను. 94 ఏళ్లో 89 ఏళ్లో ఆవిడతో ఉండి, నాకిప్పుడు చెబుతోంది.

కంచరపాలెం_కుర్రాడు · 4 మార్చి, రాత్రి 9.20

అయిపోయింది, డిసెంబర్ భూకంపం కాదు. కొట్లాట 1930 మే 26న మొదలైంది. ఓడల్లో సరుకు ఎక్కించి దింపే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు వాళ్ల బదులు బర్మా వాళ్లని పెట్టుకున్నాయి. తీరా బేరం కుదిరి మనవాళ్లు పనిలోకి రాగానే బర్మా వాళ్లని పొమ్మన్నారు. కడుపు మండదా? రేవులో అంటుకున్నది ఊరంతా పాకింది. చచ్చిపోయినవాళ్లు వందకు పైనే, ఎక్కువ మంది మనవాళ్లు.

మే 5కీ మే 26కీ మధ్య సరిగ్గా మూడు వారాలు. "నెల తిరక్కముందే" అన్నారుగా.

పంచాంగం_పిచ్చోడు · 4 మార్చి, రాత్రి 11.48

ఏమండీ పలాస గారూ, అసలు ముక్క మీరు చుక్కల్లో కలిపేశారు!

"సుక్కల పుట్టినాను" అంటే చుక్కలూ కాదు, రాత్రీ కాదు. శుక్ల! శుక్ల నామ సంవత్సరం. ప్రభవ, విభవ, శుక్ల, అరవైలో మూడోది. ఆ పేరు 1929 ఏప్రిల్ ఉగాది నుంచి 1930 మార్చి ఆఖర్లో వచ్చిన ఉగాది దాకా నడిచింది. భూకంపం వచ్చింది ఆ తరవాతి ఏడు, ప్రమోదూత, వైశాఖంలో. అప్పటికి పాప వయసు నెల నుంచి పదమూడు నెలల్లోపు. ఉయ్యాల్లో కాక ఇంకెక్కడుంటుంది?

మళ్లీ శుక్ల వచ్చింది 1989లో. అందులో పుట్టి ఉంటే ఆవిడ మీకంటే చిన్నది.

మన పెద్దవాళ్లకి తేదీ తెలియకపోవచ్చు, సంవత్సరం పేరు మాత్రం తల్లి చెబుతుంది. మా ఊళ్లో 1876 నాటి కరువుని ఇప్పటికీ ధాత కరువనే అంటారు.

డల్లాస్_దోసె · 5 మార్చి, ఉదయం 7.05

ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. మా అమ్మమ్మ "నేను ఈస్పరలో పుట్టాను" అనేది, ఏదో ఊరు అనుకునేవాణ్ణి.

పంచాంగం_పిచ్చోడు · 5 మార్చి, ఉదయం 7.30

ఈశ్వర. 1937-38. మీ అమ్మమ్మగారికి నా నమస్కారాలు.

డల్లాస్_దోసె · 5 మార్చి, ఉదయం 7.33

లేరండీ. 2020లో పోయారు. రాలేకపోయాను, విమానాలు లేవు.

సందేహాల_సంచి · 5 మార్చి, ఉదయం 10.10

శుక్ల దగ్గర ఓడిపోయాను, ఒప్పుకుంటున్నాను. కానీ ఆఫీసు ఒప్పుకోదు. బాంబుల సంగతి ఏంటి? బాంబులు పడ్డాక మనవాళ్లు బర్మా నుంచి నడిచొచ్చారు కదా, ఆ నడక గురించి ఏమైనా చెబుతారా? అది మాత్రం ఆవిడ కళ్లారా చూసిందే కదా.

పలాస_మనవడు · 6 మార్చి, రాత్రి 10.30

నిన్న రాత్రి కూర్చోబెట్టి అడిగాను. ఫోన్లో రికార్డు చేసి, విని రాస్తున్నాను. మధ్యమధ్యలో ఆవిడ వక్క నములుతుంది కాబట్టి కొన్ని మాటలు పోయాయి.

"బాంబులు పడ్డ రోజు మాయ్య రేవులోనే ఉన్నాడు. ఆకాశంలో అవేటో తెలీక జనం ఈదుల్లో నిలబడి తలెత్తి సూసినారంట. సూసినోళ్లు సూసినట్టే పోనారు. మాయ్య గోదాంలో బియ్యం బస్తాల సందున దూరీసి బతికినాడు.

ఓడకి టిక్కెట్టు దొరకనేదు. దొరలకీ డబ్బున్నోళ్లకీ అయిపోనాయి. పోరోము దాకా కొంత రైలు, కొంత బండి, కొంత కాళ్లు. అక్కణ్ణుంచి ఏరు దాటి కొండలెక్కినాం. మాయ్య కావిడి కట్టినాడు. ఒక తట్టలో మా తమ్ముడు గుంటడు, ఇంకో తట్టలో బియ్యం, గిన్నెలు. అమ్మ నెత్తిన మూట. నాను సెంబు అట్టుకుని ఎనకాతల.

రోజూ బియ్యం వండీసరికి ఆ తట్ట తేలికైపోయీది. గుంటడేపు కావిడి వంగిపోయీది. అప్పుడు మాయ్య దారిలో రాళ్లేరి బియ్యం తట్టలో ఏసీవోడు. 'రాళ్లెందుకయ్యా, నన్ను కూకోబెట్టు, నడవనేను' అని ఏడిసినాను. 'నువ్వు గుమ్మడిపండులా ఉన్నావే, కావిడి ఇరిగిపోద్ది' అన్నాడు. ఆ రాళ్ల మీద నాకు ఎంత కోపమో! రాళ్లనైతే మోస్తాడు, నన్ను మొయ్యడు.

దారిపొడుగునా వాంతులు, బేదులు. ఒకళ్లు కూకున్నోళ్లు కూకున్నట్టే ఉండిపోయీవోరు. కాసిన నీళ్లు తప్ప అమ్మ తాగనిచ్చీది కాదు. సెంబు నా సేతిలోనే ఉంది, నీళ్లు మాత్రం తాగకూడదు. ఆ సెంబే అదిగో."

అదిగో అని చూపించింది దేవుడి గూట్లో ఉన్న కంచు చెంబుని. ఒక పక్క సొట్ట. చిన్నప్పుడు ఆ సొట్ట నేనే వేశానని నన్ను రెండు దెబ్బలు కొట్టారు కూడా. కొండ దిగేటప్పుడు జారిపడితే అయిందట.

హౌరాలో రైలెక్కి పలాసలో దిగారు. "ఊరొచ్చి ఊపిరి తీసుకుంటే ఇశాపట్నంలో బాంబులు. మాయ్య నవ్వీసినాడు. 'ఇయ్యి మనెనకాలే వొచ్చినాయే' అన్నాడు."

కంచరపాలెం_కుర్రాడు · 6 మార్చి, రాత్రి 11.10

పోరోము అంటే ప్రోమ్. ఐరావతి దాటి అరకాన్ కొండల మీదుగా టౌంగప్ దాకా నూరు మైళ్లకు పైనే నడక. అక్కణ్ణుంచి పడవల మీద అక్యాబు, చిట్టగాంగు. రంగూన్ మీద మొదటి బాంబులు 1941 డిసెంబర్ 23న. 1942 మార్చి 8న జపాన్ వాళ్లు ఊరు పట్టుకున్నారు. విశాఖలో, కాకినాడలో బాంబులు పడింది ఏప్రిల్ 6న. ఆవిడ చెప్పిన వరస ఎక్కడా తప్పలేదు.

ఓరుగల్లు_బిడ్డ · 7 మార్చి, ఉదయం 6.55

నేను ఇద్దరు పిల్లల తల్లిని. నాకు ఆ కావిడి కాడనే లెక్క తేలిపోయింది. ఆధార్ల ఉన్నట్టు 1935ల పుట్టుంటే 42ల అమ్మకు ఏడేండ్లు. సరిగ తిండిలేని ఏడేండ్ల పిల్ల ఏం బరువుంటది? రాళ్ల బదులు ఆమెనే కూసుండబెట్టేటోడు తండ్రి. గుమ్మడిపండు అన్నడంటే పన్నెండేండ్ల పిల్లే. ఇంకేం రుజువు కావాలె?

మా అవ్వది నిజాం ముచ్చట. మా బాపు ఎప్పుడు పుట్టిండంటే "పోలీస్ యాక్షన్‌ల కడుపుల ఉన్నడు" అంటది. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాక. అంటే ఆ సాలు సెప్టెంబర్ నుంచి మర్సటి సాలు జూన్ లోపట పుట్టినట్టు. బడిల రాసింది 1951. సార్ మంచోడు, నౌకరికి పనికొస్తదని రెండేండ్లు తగ్గించిండట. అవ్వ కాడ చార్మినార్ బొమ్మ ఉన్న హాలీ రూపాయిలు నాలుగున్నయి. 1980 దాక అవి చెల్లుతయనే అనుకున్నది. ఆ సాలు ఫిబ్రవరి 16న సూర్యగ్రహణం. అందరం తలుపులేసుకుని ఇంట్ల కూసున్నప్పుడు, ఏమైతదో ఏమో అని మాకు తలా ఒకటి ఇచ్చి "కొనుక్కుని తినుండ్రి" అన్నది.

పలాస_మనవడు · 7 మార్చి, రాత్రి 9.15

కావిడి లెక్క మా నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత "డెబ్బై ఆరు అని తలూపింది నేనే కదరా" అన్నాడు.

డబ్బుల మాట వచ్చింది కాబట్టి: నాన్నమ్మకి ఇప్పటికీ 1957 మీద కోపం. రూపాయికి 16 అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి కదా. అణాకి ఆరుంపావు నయాపైసలు రావాలి, సంతలో ఆరే ఇచ్చేవారట. "ఆ పావు ఎవడు తిన్నాడో" అని ఇప్పుడు కూడా అడుగుతుంది. స్వాతంత్య్రం వచ్చిన రోజు గురించి అడిగితే మాత్రం ఒక్క ముక్కే: "టేసన్‌లో మిఠాయి పంచినారు. మీ పెదనాన్నకి ఇంకా పళ్లు రానేదు, ఆడిదీ నానే తినీసినాను."

ఇంకో సందేహం. పుట్టింది రంగూన్ అని కాగితం మీద రాస్తే ఆవిడ ఈ దేశం మనిషి కాదంటారేమో అని మా అన్నయ్య భయపెడుతున్నాడు.

రిటైర్డ్_గుమస్తా · 8 మార్చి, ఉదయం 5.58

భయపడకండి. బర్మాని మన దేశం నుంచి విడదీసింది 1937 ఏప్రిల్ 1న. ఆవిడ పుట్టినప్పుడు రంగూనూ పలాసా ఒకే సర్కారు కింద ఉన్నాయి. పైగా రాజ్యాంగం 5వ అధికరణం చూడండి: తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినా, 1950 జనవరి 26కి ముందు అయిదేళ్లుగా ఇక్కడ కాపురం ఉన్నా పౌరులే. ఆవిడ 1942 నుంచి ఇక్కడే.

పలాస మాటే తీసుకోండి. ఆవిడ పుట్టేనాటికి మీ ప్రాంతం గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా ఏర్పడితే గంజాం అటు పోయి మీరు విశాఖ జిల్లాలో పడ్డారు. 1950లో శ్రీకాకుళం జిల్లా. 1953 దాకా మద్రాసు రాష్ట్రం, తరవాత ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. పాత దస్తావేజు వెతికేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి, లేకపోతే తప్పు ఊరి రికార్డు గదిలో దుమ్ము తింటారు.

పెట్టె వెతికారా?

పలాస_మనవడు · 9 మార్చి, రాత్రి 9.50

వెతుకుతున్నాం. కావిడిలో కూర్చున్న తమ్ముడిది ఒకటి దొరికింది. యుద్ధం అయ్యాక ముత్తాత ఆ కుర్రాణ్ణి తీసుకుని మళ్లీ రంగం వెళ్లిపోయాడు. అప్పటికి నాన్నమ్మకి పెళ్లయిపోయింది, ఇక్కడే ఉండిపోయింది. చిన్నతాత 1965లో ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఆయన శరణార్థి కార్డు మీద పుట్టిన ఏడు 1938 అని ఉంది. అంటే నడకప్పుడు నాలుగేళ్ల లోపు. మా ఇంట్లో ఆయన్ని అందరం కావిడి తాత అనేవాళ్లం, ఎందుకో నాకు మొన్నటిదాకా తెలీదు.

కంచరపాలెం_కుర్రాడు · 9 మార్చి, రాత్రి 10.25

1964 మే 17న అక్కడి మిలటరీ సర్కారు యాభై, నూరు కయాట్ నోట్లు చెల్లవంది. కొట్లు, మిల్లులు అంతకుముందే లాగేసుకుంది. ఓడెక్కేటప్పుడు ఆడవాళ్ల ఒంటిమీది బంగారం కూడా తీసి లెక్కపెట్టేవాళ్లట. మా వీధిలో ఒకావిడ ఇప్పటికీ బర్మా అంకెల్లోనే చిల్లర లెక్కపెడుతుంది: తిట్, హ్నిట్, తోన్. 2016లో అయిదొందలు, వెయ్యి నోట్లు పోయినప్పుడు ఊరంతా బ్యాంకుల ముందు ఉంటే ఆవిడ అరుగు మీద కూర్చుని "నాకిది రెండోసారి" అంది.

తెనాలి_కాఫీ · 9 మార్చి, రాత్రి 10.40

ఈ చర్చ మొదలైన దగ్గర్నుంచీ మా ఇంట్లో వంట ఆలస్యమవుతోంది.

సందేహాల_సంచి · 10 మార్చి, ఉదయం 8.15

ఒక మాట. ఏటా నవంబర్లో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు కదా, వేలిముద్ర వేసినప్పుడు ఆధార్‌తోనే సరిచూస్తారు. ముందు ఆధార్ మార్పించండి, లేకపోతే ఎన్ని కాగితాలిచ్చినా మళ్లీ మొదటికే.

పలాస_మనవడు · 10 మార్చి, రాత్రి 8.30

వేలిముద్ర! మంచి మాట గుర్తుచేశారు.

ఆవిడకి వేలిముద్రలు లేవు. తాతయ్య జీతం చాలక ముప్ఫై ఏళ్లు జీడిగింజలు కొట్టింది. పలాస వాళ్లెవరికైనా తెలుసు, గింజ పగిలితే కారే జీడి చర్మాన్ని కాల్చేస్తుంది. చేతులకి బూడిద రాసుకుని కొట్టేవాళ్లు, అయినా ఆగదు. బొటనవేలు దగ్గరగా పెట్టి చూశాను. గీతలే లేవు. గవ్వలా నున్నగా, అంచుల్లో నల్లగా. ఏటా మిషను మీద పది వేళ్లూ పెట్టించి, తుడిచి, మళ్లీ పెట్టించి, చివరికి కళ్లు చూపిస్తే ఒప్పుకుంటుంది. పోయినసారి ఆ అమ్మాయి "మామ్మా, గట్టిగా నొక్కు" అంటే, "ఎంత నొక్కినా ఏటుందమ్మా, అంతా జీడిపప్పులో పోయింది" అంది.

2018లో తిత్లీ గాలివానకి ఉద్దానంలో జీడితోటలు వేళ్లతో సహా లేచిపోతే అందరూ ఏడిచారు. ఈవిడ మాత్రం తన చేతులకేసి చూసుకుంది. ఏమనుకుందో అడగలేదు.

పలాస_మనవడు · 16 మార్చి, రాత్రి 9.05

దొరికింది!

తాతయ్య యూనిఫాం పెట్టె అడుగున, పేపరు కింద. 1964లో కుటుంబ పెన్షన్ కొత్తగా వచ్చినప్పుడు కుటుంబం వివరాలు రాసిచ్చిన కాగితం నకలు. కింద ఆఫీసు ముద్ర, సంతకం ఉన్నాయి. తాతయ్యకి రాయడం రాదు, ఎవరో రాసిపెట్టారు, వేలిముద్ర ఆయనది. ఆయన ముద్ర బ్రహ్మాండంగా పడింది.

కానీ అందులో "భార్య, వయసు 32" అని ఉంది.

సందేహాల_సంచి · 16 మార్చి, రాత్రి 9.12

1964లో 32 అంటే 1932. అంతా మళ్లీ మొదటికొచ్చింది!

పంచాంగం_పిచ్చోడు · 16 మార్చి, రాత్రి 9.20

ఏమీ రాలేదు. మగవాడు భార్య వయసు అంచనాగా చెప్పాడు, గుమస్తా రాసుకున్నాడు. శుక్ల శుక్లే. ఉగాది వెళ్లాక ఆవిడకి 95 ఎప్పుడు నిండినా నిండచ్చు, అప్పుడు 50 శాతం.

రిటైర్డ్_గుమస్తా · 17 మార్చి, ఉదయం 6.05

నా మాట వినండి. అరవై ఏళ్ల కిందట ఆఫీసు ముద్ర పడ్డ కాగితం అంటే బంగారం. దాని ప్రకారం 1932, అంటే 92. నలభై శాతం వచ్చే అవకాశం గట్టిగా ఉంది. శుక్ల, భూకంపం, కావిడి పట్టుకుని 1929 అంటే ఈ కాగితం కూడా అనుమానంలో పడుతుంది. దొరికినంత తీసుకోండి. ఆవిడ చేత 1932 అని డిక్లరేషన్ రాయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో ఇచ్చేయండి.

ఓరుగల్లు_బిడ్డ · 17 మార్చి, ఉదయం 7.40

గుమస్తా సార్ చెప్పింది నిజమే. మూడేండ్లు పోతె పోనియ్యిండ్రి, అమ్మకు నెలనెలా మందులకన్న ఆసరైతది.

పలాస_మనవడు · 18 మార్చి, రాత్రి 10.20

డిక్లరేషన్ టైపు చేయించి తెచ్చాం. నాన్న చదివి వినిపించాడు. 1932 అన్న దగ్గర ఆపింది.

"ముప్పైరెండా? నేల ఊగింది ఎప్పుడన్నారు?"

1930 అన్నాను.

"మరి పుట్టకముందే ఉయ్యాల్లో ఎలాగున్నాన్రా?"

నాన్న నచ్చజెప్పాడు. ఇది ఆఫీసు కోసం, నిజం మనకి తెలుసు, డబ్బులొస్తాయి, అన్నీ చెప్పాడు. తాతయ్యే రాయించాడని కాగితం చూపించాడు. ఆవిడ తాతయ్య వేలిముద్ర మీద వేలు పెట్టి కాసేపు చూసింది. "ఈయనకి నా వయసేటి తెలుసు, నాను సెప్తే కదా" అంది. అని నవ్వింది. "రెండేళ్లు తగ్గించే సెప్పినాను, పెళ్లికి ముదిరిపోయిందంటారని మాయమ్మ అలాగే సెప్పమంది."

స్టాంపు ప్యాడ్ దగ్గరికి జరిపాడు నాన్న. చెయ్యి చీర కొంగులో పెట్టేసుకుంది. రేపు మళ్లీ అడుగుతాం.

సందేహాల_సంచి · 18 మార్చి, రాత్రి 10.31

అడగకండి. ఆవిడ చెప్పిందే రాసి పెట్టండి, కావాలంటే ఆ ఆఫీసుకి మీతో నేనొస్తాను. విజయనగరంలోనే ఉంటాను.